పెట్టెకు తాళం ఎందుకు?
(గోప్యత హక్కు మీద చట్టసభల్లో, న్యాయస్థానాల్లో జరిగిన చర్చ)



2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, మన జహీరాబాద్ హాస్టల్ హాలులో తమ్ముళ్ళు మాదిరి శాసనసభ నడిపారు. దేశానికి 'మంజీర దేశం' అని పేరు పెట్టారు. భోజనాల బల్లకు దుప్పటి కప్పి స్పీకర్ కుర్చీ వేశారు. తొమ్మిదో తరగతి తమ్ముడు హోంమంత్రి, పదో తరగతి తమ్ముడు ప్రతిపక్ష నాయకుడు. పెట్టిన బిల్లు పేరు 'గోప్యత హక్కు బిల్లు'. అందులో నాలుగే అంశాలు ఉన్నాయి. ఒకటి, కారణం చెప్పకుండా ఎవరి పెట్టె తెరవరాదు. రెండు, ఒకరి ఉత్తరం, ఫోను ఇంకొకరు చదవరాదు. మూడు, ఒక పని కోసం ఇచ్చిన వివరాలు ఇంకో పనికి వాడరాదు. నాలుగు, ఎవరి కులం, జబ్బు, అప్పు నలుగురిలో చదవరాదు.

మమ్మల్ని చూడడానికి పిలిచారు. వెనక బెంచీ మీద కూర్చొని చూశాం. చర్చ గంటసేపు బాగా జరిగింది. చివరకు చేతులెత్తి ఓటు వేశారు. రెండు ఓట్ల తేడాతో బిల్లు వీగిపోయింది.

ఓడించిన తమ్ముళ్ళను తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. వాళ్ళు అడిగిన ప్రశ్నలు నిజమైన ప్రశ్నలు. అవే ప్రశ్నలను ఈ దేశంలో పెద్ద పెద్ద న్యాయవాదులు, మంత్రులు అడిగారు. మొన్న జవాబు చెప్పేవాళ్ళు లేక బిల్లు వీగింది. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్న మేము వెనక కూర్చొని ఊరుకున్నాం. ఆ రోజు చెప్పవలసిన మాటలు ఇప్పుడు చెబుతున్నాం.

ఒకటో ప్రశ్న: తప్పు చెయ్యనోడికి దాచుకునేది ఏముంటది?

ఇది ప్రతిపక్ష నాయకుడు అడిగాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది. దీనికి జవాబు ఖరక్ సింగ్ అనే మనిషి కథలో ఉంది.

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ వాసి. 1941లో ఒక దోపిడీ కేసులో అతన్ని పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలేశారు. అంటే చట్టం లెక్కలో అతను ఏ తప్పూ చేయలేదు. అయినా పోలీసులు అతని పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు, నిద్రలేపేవారు. ఎక్కడికి పోతున్నాడో, ఎవరు వస్తున్నారో రాసుకునేవారు. తప్పు చెయ్యనోడి ఇంటి తలుపే రాత్రిపూట కొట్టారని గమనించండి.

అతను సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంట్లోకి రావడం చెల్లదన్నారు. కానీ గోప్యత అనేది మన రాజ్యాంగంలో హామీ ఇచ్చిన హక్కు కాదని వారిలో ఎక్కువమంది అన్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. అందులో ఒకరు మన తెలుగువారు, రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. రాజ్యాంగంలో గోప్యత అనే మాట విడిగా రాసి లేకపోయినా, వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని ఆయన రాశారు. వెంట ఒక నీడ ఎప్పుడూ తిరుగుతుంటే మనిషి స్వేచ్ఛగా కదలగలడా అన్నది ఆయన వాదనలోని సారం. అప్పటికి అది ఓడిపోయిన అభిప్రాయం. ఆయన 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ అభిప్రాయం గెలవడానికి మాత్రం 55 ఏళ్ళు పట్టింది.

ఖరక్ సింగ్ ఒక్కడు. మన దేశంలో కులాలకు కులాలనే ఇలా నిఘాలో పెట్టిన చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. పుట్టుకతోనే కొన్ని జాతులు దొంగలని రాసిపెట్టింది. పోలీసు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మన తెలుగు నేల మీద స్టూవర్టుపురం అలా ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన ఊరే. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా ఆ చూపు అంత తొందరగా పోలేదు. కాబట్టి తమ్ముళ్ళారా, 'తప్పు చెయ్యకపోతే భయమెందుకు' అనే మాట అనే ముందు ఒక్కటి ఆలోచించండి. ఎవరిని అనుమానించాలో నిర్ణయించేది ఎవరు? ఆ అనుమానం మొదట ఏ వాడకు వస్తుంది?

రెండో ప్రశ్న: గోప్యత ధనవంతుల ముచ్చట కదా?

ఒక తమ్ముడు లేచి, "నలభై మందిమి ఒక్క హాల్ల పండుకుంటం, మనకేం గోప్యత అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేము కూడా నవ్వాం. కానీ ఆ రాత్రి బస్సులో పోతుంటే ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది.

ఇక్కడికి రాక ముందు మేము వేరే చోట హాస్టల్‌లో ఉన్నాం. ఊరి పేరు అవసరం లేదు. అప్పుడు ఏడో తరగతి. ఒక అబ్బాయి డబ్బులు పోయాయి. అందరి రేకు పెట్టెలు హాలు నడుమకు తెప్పించి తెరిపించారు. ఒక స్నేహితుని పెట్టెలో బట్టల కింద మడతపెట్టిన కాగితం దొరికింది. వాళ్ళ అమ్మకు చదువు రాదు. చెల్లెలితో రాయించి, ఊరి నుండి వచ్చినవాళ్ళ చేత పంపిన చీటీ అది. అందులో డబ్బుల సంగతి ఏమన్నా ఉందేమో చదవమన్నారు. బాగా చదువుతామని మమ్మల్ని లేపారు.

మేము గట్టిగా చదివాం. వాళ్ళ నాయినకు టీబీ వచ్చి దవాఖానాలో ఉన్నాడని, ఎవరికీ చెప్పవద్దని, పరీక్షలు అయ్యేదాకా ఊరికి రావద్దని అందులో ఉంది. ఒక్క అక్షరం తప్పు పోకుండా చదివాం. బాగా చదివావని భుజం తట్టారు కూడా. పోయిన డబ్బులు మర్నాడు ఆ అబ్బాయి నోటు పుస్తకంలోనే దొరికాయి. కానీ ఆ రోజు నుండి మా స్నేహితుని పక్కన కూర్చొని అన్నం తినడానికి పిల్లలు భయపడ్డారు. అతను పళ్ళెం పట్టుకొని గోడ దగ్గరికి పోయేవాడు. దసరా సెలవులకు ఊరికి పోయినవాడు మళ్ళీ రాలేదు.

అతను మా కన్నా బాగా లెక్కలు చేసేవాడు. ఈ రోజు మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. వాళ్ళ ఇంట్లో మొదటి డిగ్రీ ఎక్కడ ఆగిపోయిందో మాకు తెలుసు. ఒక చీటీ దగ్గర ఆగిపోయింది. ఆ చీటీ చదివిన గొంతు మాది.

ధనవంతుని ఇంటికి గేటు ఉంటుంది, గదికి తలుపు ఉంటుంది, జబ్బు చేస్తే తెలియకుండా చూపించుకునే డాక్టరు ఉంటాడు. చట్టం లేకపోయినా అతని సంగతి నలుగురికి తెలియదు. మనకు ఉన్నది ఒక రేకు పెట్టె, దానికి ఒక తాళం. కాబట్టి చట్టం అవసరం ఎక్కువగా మనకే.

ఇదే వాదన సుప్రీంకోర్టులో కూడా వచ్చింది. 2012లో జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద కేసు వేశారు. ఆయన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ బి.సి. కమిషన్ అధ్యక్షులుగా కూడా పనిచేశారు. కేసు వేసేనాటికి ఆయన వయసు 86 ఏళ్ళు. గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని కేంద్ర ప్రభుత్వం తరఫున వాదించారు. 1954లో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఇచ్చిన ఎం.పి. శర్మ తీర్పును, 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పును చూపించారు. దానితో 2015 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. ఆ ముగ్గురికి పెద్దగా ఉన్నవారు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 21వ అధికరణంలోని జీవించే హక్కులో, వ్యక్తిగత స్వేచ్ఛలో అది భాగమన్నారు. గోప్యత ఉన్నవాళ్ళకు మాత్రమే కావలసిన వస్తువు అనే వాదనను ఒప్పుకోలేదు. పేదవాడికి అన్నం చాలు, గౌరవం అక్కరలేదు అనడం రాజ్యాంగానికి సరిపడదన్నది అందులోని భావం. 1962లో ఓడిపోయిన సుబ్బారావు గారి అభిప్రాయమే సరైనదని ఆ రోజు తేలింది.

అయితే పెట్టె ఎప్పుడూ తెరవకూడదా?

తెరవవచ్చు. ఈ హక్కుకు హద్దులు ఉన్నాయి. ప్రభుత్వం ఒకరి గోప్యతలోకి రావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలని 2017 తీర్పు చెబుతుంది. అలా చేయడానికి ఒక చట్టం ఉండాలి. దాని వెనక న్యాయమైన అవసరం ఉండాలి. ఆ అవసరానికి ఎంత కావాలో అంతే చేయాలి, అంతకు మించరాదు.

మా పాత సంగతికే ఈ పరీక్షలు పెట్టి చూద్దాం. డబ్బులు పోయాయి, వెతకాలి. అవసరం న్యాయమైనదే. పెట్టెలు ఎప్పుడు, ఎవరి ముందు తెరవాలో ఒక నియమం రాసి ఉంటే మొదటి పరీక్ష వైపు ఒక అడుగు పడేది. అలాంటిది ఏదీ లేదు. ఇక మూడోది చూడండి. డబ్బులు వెతకడానికి పెట్టెలో చేయి పెడితే చాలు. చీటీ విప్పనక్కరలేదు. విప్పినా నలుగురిలో చదవనక్కరలేదు. వెతకడం తప్పు కాకపోవచ్చు, చదవడం తప్పు. ఈ తేడాను చట్టం పట్టుకుంటుంది. మంజీర దేశం బిల్లులో మొదటి రెండు అంశాలను విడిగా రాసిన తమ్ముడు ఎవరో గానీ, అతను తెలివైనవాడు.

చట్టసభల్లో ఈ మాట ఎన్నిసార్లు వచ్చింది?

గోప్యత హక్కు కొత్తగా విదేశాల నుండి వచ్చిన ఆలోచన అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. 1947లో డాక్టర్ అంబేడ్కర్ 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పేరుతో ఒక రాజ్యాంగ నమూనా తయారు చేశారు. ప్రజల శరీరాలను, ఇళ్ళను, కాగితాలను, వస్తువులను కారణం లేకుండా సోదా చేయరాదని అందులో పెట్టారు. బడిలో బయట కూర్చోబెట్టిన మనిషికి, ఉండే చోటు కోసం కులం దాచవలసి వచ్చిన మనిషికి ఈ హక్కు విలువ ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

రాజ్యాంగ సభ ఉపసంఘంలో ఉత్తరాల రహస్యం గురించి, ఇళ్ళ సోదా గురించి అంశాలు వచ్చాయి. వాటిని వద్దన్నవారిలో ఒకరు మన తెలుగు నేల మీద పుట్టినవారే. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గొప్ప న్యాయకోవిదులు. ఇవి ప్రాథమిక హక్కులైతే నేర పరిశోధనకు, కోర్టుల్లో సాక్ష్యాలకు అడ్డు వస్తాయని ఆయన భయం. ఆ భయంలో కూడా కొంత అర్థం ఉంది. కానీ ఫలితంగా ఆ అంశాలు రాలిపోయాయి.

1948 డిసెంబరు 3న కాజీ సయ్యద్ కరీముద్దీన్ అనే సభ్యుడు సోదాల గురించి ఒక సవరణ తెచ్చారు. అంబేడ్కర్ లేచి, ఈ రక్షణ మామూలు చట్టంలో ఇప్పటికే ఉన్నా రేపు వచ్చే శాసనసభలు తీసివేయవచ్చు గనుక రాజ్యాంగంలో పెట్టడమే మంచిదని, సవరణకు తాను ఒప్పుకుంటున్నానని చెప్పారు. సభలో గందరగోళం జరిగింది, ఓటింగు వాయిదా పడింది. చివరకు ఆ సవరణ వీగిపోయింది. చూశారా తమ్ముళ్ళూ, రాజ్యాంగ సభలో కూడా ఈ బిల్లు వీగిపోయింది! కాబట్టి మొన్న బిల్లు పెట్టిన హోంమంత్రి తమ్ముడు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

మన హైకోర్టులో కూడా ఒక మాట పుట్టింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సరిత కేసు వచ్చింది. ఇష్టం లేని భార్యను భర్త దగ్గరికి తిరిగి పొమ్మని కోర్టు ఆదేశించే సెక్షను హిందూ వివాహ చట్టంలో ఉంది. ఆ సెక్షను స్త్రీ గోప్యతకు, గౌరవానికి వ్యతిరేకమని జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టివేశారు. 1984లో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. కానీ తన శరీరం మీద నిర్ణయం తనదే అన్న మాట ముందుగా మన హైకోర్టు నుండి వినిపించిందని ఆడపిల్లల హాస్టల్ చెల్లెళ్ళు గుర్తుంచుకోవాలి.

మూడో ప్రశ్న: ఆఫీసులో ఇచ్చిన కాగితం ఇంకా మనదేనా?

ఇది ఒక చిన్న తమ్ముడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. మనం కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఎన్ని చోట్ల ఇస్తామో లెక్క లేదు. ఇచ్చిన తర్వాత వాటి మీద మనకు హక్కు ఉందా?

దీనికి జవాబు మన రాష్ట్ర చట్టం నుండే వచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టంలో 73వ సెక్షనును సవరించింది. దాని ప్రకారం కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్ళి, ఖాతాదారులు అక్కడ పెట్టిన పత్రాలను తనిఖీ చేసి, స్టాంపు సరిగా లేదని పట్టుకొని పోవచ్చు. హైకోర్టు ఈ సవరణను కొట్టివేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2004 నవంబరు 5న హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వర్సెస్ కెనరా బ్యాంకు కేసులో ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటి తీర్పు రాశారు. గోప్యత మనిషికి సంబంధించినది, చోటుకు సంబంధించినది కాదని తేల్చారు. అంటే మన కాగితం మన ఇంట్లో ఉన్నా, బ్యాంకు బీరువాలో ఉన్నా దాని గోప్యత మనదే. నమ్మి ఒకరి చేతిలో పెట్టినంత మాత్రాన అది ఊరందరిదీ కాదు.

మా డిగ్రీ రోజుల్లో చూసిన సంగతి ఒకటి చెబుతాం. స్కాలర్‌షిప్ రావలసిన విద్యార్థుల జాబితా ఒకటి నోటీసు బోర్డుకు అంటించారు. పేరు, కులం, ఫోను నెంబరు, ఆధార్ నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు అన్నీ అందులో ఉన్నాయి. పని త్వరగా కావాలన్న మంచి ఉద్దేశంతోనే అంటించి ఉంటారు. కానీ వారం తిరగకుండానే ఆడపిల్లలకు తెలియని నెంబర్ల నుండి ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు బ్యాంకు నుండి మాట్లాడుతున్నానని చెప్పి ఓటీపీ అడిగాడు. ఖాతా నెంబరులో చివరి అంకెలతో సహా చెప్పేసరికి మా తోటి విద్యార్థి నమ్మేశాడు. వచ్చిన స్కాలర్‌షిప్ పోయింది. పేరు, దరఖాస్తు నెంబరు అంటిస్తే సరిపోయేది. అవసరానికి మించరాదన్న మూడో పరీక్ష ఇక్కడ కూడా పనికి వస్తుంది.

ఆధార్ గురించి కూడా తెలుసుకోవాలి. 2018 సెప్టెంబరు 26న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించారు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ మాత్రం ఒప్పుకోలేదు. ప్రభుత్వ రాయితీలకు, పథకాలకు ఆధార్ అడగవచ్చన్నారు. అయితే బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయరాదని, ఆధార్ లేదని ఏ పిల్లవాడికీ పథకం ఆపరాదని అదే తీర్పులో ఉంది. వేలిముద్ర పడలేదని ఏ తమ్ముడైనా భయపడితే ఈ మాట గుర్తు చేయండి.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే పెద్దవాళ్ళకు గుర్తు ఉంటుంది. తెలంగాణ అంతా ఒకే రోజు లెక్క. బొంబాయి నుండి కూడా జనం ఊళ్ళకు వచ్చారు. మేము హాస్టల్ నుండి ఝరాసంగం దగ్గరి మా ఊరికి పోయాం. భూమి, పశువులు, బ్యాంకు ఖాతా, జబ్బులు అన్నీ అడిగారు. అమ్మ అన్నింటికీ జవాబు చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. ఎందుకమ్మా అంటే, 'చెప్పకుంటే కారటు పోతది బిడ్డా' అన్నది. ప్రభుత్వానికి లెక్కలు కావాలి. లెక్క లేకపోతే మన హాస్టల్‌కు బియ్యం రావు, దాన్ని కాదనలేము. కానీ ఇష్టపడి చెప్పడం వేరు, భయపడి చెప్పడం వేరు. ఏది ఎందుకు అడుగుతున్నారో తెలిసి చెప్పేదే సమ్మతి.

పార్లమెంటులో ఏమి జరిగింది?

2017 తీర్పు తర్వాత సమాచార రక్షణకు చట్టం కావాల్సి వచ్చింది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘం 2018 జులైలో నివేదిక ఇచ్చింది. 2019 డిసెంబరులో బిల్లు లోక్‌సభకు వచ్చింది. సంయుక్త పార్లమెంటరీ సంఘం రెండేళ్ళు పరిశీలించి 2021 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది. 2023 ఆగస్టు 3న కొత్త బిల్లు పెట్టారు. ఆగస్టు 7న లోక్‌సభలో, 9న రాజ్యసభలో మూజువాణి ఓటుతో నెగ్గింది. మణిపూర్ విషయం మీద గొడవ జరుగుతున్న రోజులవి. రాజ్యసభలో ప్రతిపక్షం వాకౌట్ చేసింది. ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదించారు. అదే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023. ఆరేళ్ళు నానిన విషయం ఆరు రోజుల్లో రెండు సభలు దాటింది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి అక్కడి నుండి 18 నెలల గడువు ఇచ్చారు.

ఈ చట్టంలో మనకు పనికి వచ్చేవి ఉన్నాయి. మన సమాచారం తీసుకునేవారు ఎందుకో నోటీసులో చెప్పాలి. ఆ నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో అడగవచ్చు, ఉర్దూలో అడగవచ్చు, మన బీదరు వైపు వాళ్ళు కన్నడంలో అడగవచ్చు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. తప్పులు దిద్దమని, చెరిపివేయమని అడగవచ్చు. 18 ఏళ్ళ లోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సమాచారాన్ని కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం తన సంస్థలను ఈ చట్టం నుండి మినహాయించవచ్చు. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేది కూడా కేంద్రమే. జరిమానా ప్రభుత్వానికి పోతుంది, నష్టపోయిన మనిషికి కాదు. ఇది డిజిటల్ సమాచారానికే వర్తిస్తుంది. పెట్టెలోని చీటీకి ఈ చట్టం రాదు. ఆ చీటీకి రాజ్యాంగంలోని 21వ అధికరణమే దిక్కు. మన హాస్టళ్ళు ప్రభుత్వానివి గనుక ఆ అధికరణం ఇక్కడ వర్తిస్తుంది.

నాలుగో ప్రశ్న: అన్నీ దాస్తే దొంగలను ఎట్ల పడతరు?

ఈ ప్రశ్నే బిల్లును ఓడించిందని మా అభిప్రాయం. దీన్ని తేలికగా తీసివేయలేము. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్ రోల్ తీసుకొని ఇల్లిల్లూ తిరిగి, గ్రామసభలో పేర్లు చదివారు. చనిపోయినవాళ్ళ పేర్ల మీద, ఊళ్ళో లేనివాళ్ళ పేర్ల మీద డబ్బులు లేచిన సంగతులు అలా బయటపడ్డాయి. పేర్లు దాచి ఉంటే కూలివాళ్ళే నష్టపోయేవారు.

2023 చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును మార్చింది. ముందు, వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షనులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే నిరాకరించవచ్చని ఉంది. ప్రజా ప్రయోజనం గురించి 8(2) సెక్షను ఇంకా ఉందని ప్రభుత్వం చెబుతోంది. అడిగే ప్రతిసారీ కాదనడానికి అధికారులకు సాకు దొరికిందని సమాచార హక్కు కార్యకర్తలు అంటున్నారు.

మరి ఏది సరి? మా బుద్ధికి తోచినది ఇది. గోప్యత మనిషికి, పారదర్శకత అధికారానికి. మన హాస్టల్‌కు ఎన్ని క్వింటాళ్ళ బియ్యం వచ్చాయి, ఎంతమందికి వండారు అన్నది అందరికీ తెలియాలి. అది ప్రజల సొమ్ము. ఆ అన్నం తిన్న పిల్లవాని నాయినకు ఏ జబ్బు అన్నది ఎవరికీ తెలియనక్కరలేదు. మస్టర్‌లో పేరు చదవవచ్చు, పేరు పక్కన ఖాతా నెంబరు చదవనక్కరలేదు. పెద్దవాళ్ళ బీరువాలు తెరిచి ఉండి, పేదవాళ్ళ పెట్టెలకు తాళం ఉండే దేశం కావాలి. ఇప్పుడు చాలాసార్లు దీనికి తలకిందులుగా నడుస్తోంది.

తమ్ముళ్ళు ఈ రోజే చేయగలిగినవి

జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి. చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ కాగితం దొరుకుతుంది. కుదిరినచోట అదే ఇవ్వండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, బ్యాంకు వాళ్ళమన్నా సరే. నోటీసు బోర్డు మీద మీ ఖాతా నెంబరు కనిపిస్తే మర్యాదగా వెళ్ళి, 'సార్, ఇది తీసివేయండి' అని అడగండి. అడగడం ఎదిరించడం కాదు. జిరాక్సు సెంటరు కంప్యూటరులో, వేరేవాళ్ళ ఫోనులో మీ కాగితాలు వదిలి రావద్దు.

అన్నింటికన్నా ముందు మనం చేయవలసింది ఒకటి ఉంది. పక్క మంచం తమ్ముని ఫోను తీసి చూడకండి. అతను ఇంటికి మాట్లాడుతుంటే నాలుగడుగులు దూరం జరగండి. కులం పేరు, జబ్బు పేరు, అప్పు సంగతి నవ్వులాటకు వాడకండి. సుప్రీంకోర్టు తీర్పు హాలులోకి వచ్చి కాపలా కాయదు. ఎవరైనా చీటీ ఇచ్చి గట్టిగా చదవమంటే, 'ఇది నాది కాదు సార్' అని మడిచి తిరిగి ఇవ్వండి. ఏడో తరగతిలో మాకు ఆ మాట అనవచ్చని తెలియలేదు. చెప్పినవాళ్ళు లేరు. మీకు ఇప్పుడు చెప్పినవాళ్ళు ఉన్నారు.

మంజీర దేశం శాసనసభ వచ్చే రాజ్యాంగ దినోత్సవం నాడు మళ్ళీ కూడుతుందని విన్నాం. వీగిన బిల్లును మళ్ళీ పెట్టవచ్చు, సభా నియమాల్లో అడ్డేమీ లేదు. అంబేడ్కర్ ఒప్పుకున్న సవరణ 1948లో వీగి, 2017లో వేరే దారిలో తిరిగి వచ్చింది. మనకు అన్నేళ్ళు పట్టకూడదని కోరుకుంటూ, ఈసారి వెనక బెంచీ మీద ఊరికే కూర్చోమని మాట ఇస్తూ సెలవు తీసుకుంటున్నాం.

జై భీమ్.

— ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రాజనీతిశాస్త్రం